ఆ అమ్మాయికి కుర్చీ చూపించారా?

మార్కాపురం బస్టాండులో పొద్దున్నే ఆరున్నరకి నిలబడితే ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఒక దృశ్యం కనిపిస్తుంది. ఇస్త్రీ మడత చెదరని కాటన్ చీరలో ఒక అమ్మాయి. భుజాన కొత్త హ్యాండ్ బ్యాగు. గుండెలకు హత్తుకున్న ప్లాస్టిక్ ఫైలు. పక్కనే తెల్లచొక్కా వేసుకున్న నాన్న. ఆయన చేతిలో టిఫిన్ క్యారియర్. ఎర్రగొండపాలెం బస్సో, గిద్దలూరు బస్సో రాగానే ఆ నాన్న ముందుకు పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాలు వేసి కూతురికి సీటు పట్టేస్తాడు.

ఎక్కడికమ్మా అని అడగక్కర్లేదు. ఆ ముఖమే చెబుతుంది. ఉద్యోగంలో చేరడానికి వెళుతోంది. ఇవాళే తొలిరోజు.

ఆ ఫైల్లో ఏముంటాయో మనకు తెలుసు. పదో తరగతి మార్కుల జాబితా దగ్గర్నుంచి కుల ధృవీకరణ పత్రం దాకా అన్నిటికీ మూడేసి జిరాక్సు కాపీలు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు. కానీ కోచింగ్ ఫీజు కోసం తాకట్టుపెట్టిన అమ్మ గాజులు అందులో కనిపించవు. ఒంగోలులోనో, నంద్యాలలోనో ఇరుకు హాస్టల్ గదిలో రాత్రి రెండింటిదాకా చదివిన చదువు కనిపించదు. 'ఉద్యోగం వచ్చేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దు' అని ఇంట్లో చేసిన యుద్ధం అసలే కనిపించదు.

నాకెప్పుడూ ఒకటే సందేహం. ఇంత కష్టపడి, ఇంత దూరం వస్తున్న ఈ పిల్ల కోసం అక్కడ ఎవరు ఎదురుచూస్తున్నారు? ఆఫీసు గుమ్మంలో అడుగు పెట్టగానే 'రామ్మా' అనే మనిషి ఉందా? కూర్చోవడానికి ఒక కుర్చీ ఉందా?

కుర్చీయా, అదీ ఒక సమస్యేనా అనుకుంటున్నారా? నా సంగతి చెబుతాను వినండి.

డిగ్రీ పూర్తయి, పెళ్ళయి, ఈ ప్రాంతానికి కాపురానికొచ్చిన కొత్తల్లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. ఊరి పేరూ, స్కూలు పేరూ వద్దులెండి. మొదటిరోజు స్టాఫ్ రూములోకి వెళ్ళి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. 'అది పెద్ద మేడంది' అన్నారెవరో. లేచి పక్క కుర్చీలో కూర్చున్నాను. 'అది లెక్కల మేడంది.' మళ్ళీ లేచాను. ఎవరూ గట్టిగా అరవలేదు, తిట్టలేదు. కాకపోతే, ఏ కుర్చీ నాదో ఎవరూ చెప్పలేదు! ఆ రోజంతా ఖాళీ పిరియడ్లలో కిటికీ పక్కన నిలబడే ఉన్నాను.

బాత్రూం ఎక్కడో అడగడానికి సిగ్గు. అందుకని సాయంత్రం నాలుగున్నర దాకా గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగలేదు. రెండోరోజు ఆరో తరగతి పిల్లలకు ఏ పాఠం దాకా అయిందని అడిగితే 'పిల్లల్నే అడగండి' అన్నారు. మూడోరోజు హాజరు పట్టీలో తప్పు గీత గీశానని నలుగురిలో నవ్వారు. పన్నెండోరోజు నేను వెళ్ళలేదు.

ఇంట్లో అందరూ ఏమన్నారో మీరు ఊహించగలరు. 'ఉద్యోగం చేయడం అందరివల్లా అవుతుందా?' అన్నారు. బంధువుల్లో ఒకావిడ, 'చదువుంటే చాలదు, చేవ ఉండాలి' అంది. విచిత్రం ఏమిటంటే ఆ మాట నేనూ నమ్మాను. నా వల్ల కాలేదనే చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇంటి పని, పిల్లల చదువులు, మధ్యలో కథలు రాసుకోవడం... జీవితం మరో దారిన బాగానే నడిచింది. ఆ దారి గురించి నాకు బాధ లేదు. కానీ ఆ పదకొండు రోజులు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు ఒకటే అనిపిస్తుంది. నాకు చేవ లేక కాదు, అక్కడ నాకు చోటు లేక వచ్చేశాను!

ఈ తేడా నాకు తెలిసేలా చేసింది మా మేడమీద అద్దెకు దిగిన ఒక అమ్మాయి.

2019 సంవత్సరం గుర్తుండే ఉంటుంది. ఆ సెప్టెంబర్ మొదటి వారంలో రాష్ట్రమంతా గ్రామ, వార్డు సచివాలయాల పరీక్షలు రాసింది. సుమారు 20 లక్షల మంది రాశారు. ఉద్యోగాలు లక్షా పాతిక వేల పైచిలుకు. అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజున సచివాలయాలు మొదలయ్యాయి. పంచాయతీ కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంట్, సంక్షేమ విద్యా సహాయకురాలు, వ్యవసాయ సహాయకులు, సర్వేయరు, ఏఎన్ఎం, మహిళా సంరక్షణ కార్యదర్శి... ఒకే ఊళ్ళో, ఒకే వారంలో, ఇంతమంది కొత్త ఉద్యోగులు దిగడం మన పడమటి పల్లెలు అంతకు ముందు చూడలేదు. రెండేళ్ళ ప్రొబేషన్, నెలకు 15 వేల రూపాయలు. ఆ రెండేళ్ళు కాస్తా రెండేళ్ళ తొమ్మిది నెలలై, 2022 జూన్ ఆఖరుకి గానీ ప్రొబేషన్ ఖరారు కాలేదన్నది వేరే కథ.

మా మేడమీది అమ్మాయిది చీరాల వైపు. సముద్రపు గాలికి పెరిగిన పిల్ల. నల్లమల అంచున ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు వెళ్ళొచ్చాక ఆ అమ్మాయి ముఖం ఎలా ఉంటుందో చూడాలని మెట్ల దగ్గరే కాచుకు కూర్చున్నాను. నా పదకొండు రోజులు నాకు గుర్తున్నాయి కదా!

అమ్మాయి నవ్వుతూ వచ్చింది. 'ఆఫీసు ఎలా ఉందమ్మా?' అన్నాను. 'ఆఫీసు ఇంకా లేదాంటీ, పాత పంచాయతీ గదే. కుర్చీలు రెండే ఉన్నాయి. తొమ్మిదిమందిమి వంతులవారీగా కూర్చున్నాం' అంది. మరి ఈ నవ్వెందుకు?

అక్కడ ఊడ్చే ఆమె ఒకరున్నారట. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి. ఈ అమ్మాయి గుమ్మంలోకి అడుగు పెట్టగానే చీపురు పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎదురొచ్చిందట. 'ఏ ఊరు పాపా మీది? అంత దూరం నించి వచ్చినావా!' అని, గోడ వారగా ఉన్న బల్ల దులిపి కూర్చోబెట్టింది. తర్వాత వరసగా చెప్పుకుంటూ పోయింది. 'ఈ బోరు నీళ్ళు తాగబాక పాపా, మోకాళ్ళు పట్టుకపోతయ్. మంచినీళ్ళు ఆ క్యాన్లో ఉండయ్. బాత్రూం తాళంచెవి నా దగ్గరే ఉంటది, అడిగేదానికి సిగ్గుపడబాక. నాలుగున్నర బస్సు తప్పితే ఇంక బస్సు లేదు, నాలుక్కే సంచీ సర్దుకో. ఆ మూల ఇంటాయన తాగి వచ్చి అరుస్తాడు, నువ్వేం పలకబాక, నన్ను పిలువు.'

అంతే! స్వాగత సభ లేదు, పూలదండ లేదు. పది నిమిషాల మాటలు. కానీ ఆ పది నిమిషాల్లో ఏమేం ఉన్నాయో చూడండి. తాగే నీళ్ళ సంగతి ఉంది. ఫ్లోరైడు నీళ్ళకు ఒళ్ళు వంకర్లు పోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన మన ప్రాంతంలో, బయటినుంచి వచ్చిన పిల్లకు మొట్టమొదట చెప్పాల్సిన మాట అది కాదూ? మరుగు సంగతి ఉంది. ఇంటికి క్షేమంగా చేరే దారి ఉంది. ఎవరితో జాగ్రత్తగా ఉండాలో ఉంది. అన్నిటికంటే, ఏదైనా జరిగితే ఎవర్ని పిలవాలో ఉంది.

ఆహ్వానం అంటే ఇది కదా! కొత్తగా వచ్చిన మనిషికి, తెలియక అవస్థ పడే సంగతులన్నీ అవస్థ పడక ముందే చెప్పడం.

అదే ఊళ్ళో రెండు రోజుల తర్వాత కొత్త ఉద్యోగులకు సభ పెట్టి దండలు కూడా వేశారట. ఫోటోలు తీశారు. 'ఆ దండ ఏం చేశావమ్మా?' అంటే, 'బస్సులో సీటుకు తగిలించి మర్చిపోయానాంటీ' అని నవ్వింది. బల్ల దులిపి కూర్చోబెట్టిన ఆమెను మాత్రం ఇంకా మర్చిపోలేదు.

కొత్త కోడలు గడప దాటేటప్పుడు మనం ఎంత హడావిడి చేస్తాం! హారతి పడతాం. పేరు చెప్పించి లోపలికి రానిస్తాం. కుడికాలు ముందు పెట్టమంటాం. ఆ మర్నాటినుంచీ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆ పిల్లే వెతుక్కోవాలి! ఉప్పు ఎక్కువైతే మాత్రం అందరం చెబుతాం. మన ఆఫీసులూ మన ఇళ్ళలాంటివే మరి. హారతి ఒకరోజు, వెతుకులాట ఏడాదంతా.

ఎందుకిలా జరుగుతుందని ఉద్యోగం చేసే నా స్నేహితురాళ్ళని అడిగాను. ఒకావిడ ఉన్నదున్నట్టు చెప్పింది. 'మేం చేరినప్పుడు మాకెవరు చెప్పారు? తన్నుకుని తన్నుకుని నేర్చుకున్నాం. వాళ్ళూ నేర్చుకుంటారు' అని. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? 'మా అత్త నన్ను పెట్టిన ఆరళ్ళ ముందు నేను నిన్ను పెట్టేవి ఎంత?' అనే అత్తగారి మాటే ఇది. మనం పడిన కష్టాన్ని ఆస్తిలాగా దాచి, తర్వాతి తరానికి పంచి ఇస్తున్నాం. ఏ నగలో ఇస్తే బాగుండేది!

ఇంకొకావిడ ఇంకో మాట చెప్పింది. అందులో న్యాయం ఉంది. 'కొత్త పిల్లలు కంప్యూటరు టకటకా కొడతారు. మేం పాతికేళ్ళ నుంచి చేతిరాతతో చేసిన పని వాళ్ళు అరగంటలో చేసేస్తే మా విలువేముంటుంది? భయం వేస్తుంది' అంది. పాతవాళ్ళ ముభావం వెనక పొగరే ఉందనుకుంటాం గానీ, చాలాసార్లు ఉండేది భయమే. పైగా సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. కొత్తమనిషికి దగ్గర కూర్చుని చెప్పేంత తీరిక ఏదీ అంటారు. నిజమే. కానీ మొదటిరోజు అరగంట కేటాయించకపోతే, తర్వాత ఆర్నెల్లు ఆ మనిషి చేసే తప్పులు దిద్దడానికి కేటాయించాలి. ఏది లాభం? ఇంటి ఖర్చుల లెక్కలు రాసే మనకు ఈ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది.

కొత్తగా చేరేవాళ్ళకూ ఒక మాట. పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకున్నామనే ధీమా మంచిదే. అయితే ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా గౌరవ వేతనం మీద పనిచేస్తున్న అంగన్‌వాడీ టీచరుకు ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ ఇంట్లో పిల్ల బడి మానేసిందో జాబితా చూడకుండానే తెలుసు. ఆశా కార్యకర్తకు ఏ వీధిలో ఎవరికి ఏ మందు పడదో తెలుసు. హోదా చూసి కాకుండా 'అక్కా' అని పిలిచి అడిగితే, ఏ శిక్షణ తరగతిలోనూ దొరకనిది వాళ్ళు చెబుతారు. స్వాగతం అందుకోవడం కూడా ఒక మర్యాదే కదా!

అవతలి మనిషి ఒంటరి కాకుండా చూడటం కంటే పెద్ద స్వాగతం లేదని చెప్పే సంఘటన ఒకటి మన తెలుగువాళ్ళ చరిత్రలోనే ఉంది. అయ్యలసోమయాజుల లలిత గారి పేరు విన్నారా? మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. పద్ధెనిమిదేళ్ళకే భర్త పోయారు. ఒళ్ళో నెలల పసిపాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లను ఏ మూల కూర్చోబెట్టేవారో మనకు తెలుసు. కానీ ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ప్రిన్సిపాల్‌నీ, పైఅధికారుల్నీ ఒప్పించి ఆమెను అక్కడే చేర్పించారు.

వందలమంది అబ్బాయిల మధ్య ఒకే ఒక్క అమ్మాయి! చేర్చుకున్నాం, ఇంక నీ తిప్పలు నువ్వు పడు అని వాళ్ళు అనలేదు. హాస్టల్లో ఆమె ఒక్కతే ఉండాల్సి వస్తోందని, ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటామని ప్రకటన ఇచ్చారు. దానితో లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అనే మరో ఇద్దరు వచ్చి చేరారు. ముగ్గురయ్యారు. 1943లో లలిత గారు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. ఆ కాలేజీ పట్టాలో మగవాళ్ళకు వాడే మాటే అచ్చయి ఉండేది. ఆడవాళ్ళు అక్కడ చదువుతారని అచ్చువేసినవాళ్ళు ఊహించలేదు మరి! అందుకని ఆ మాట కొట్టేసి ఆడవాళ్ళకు వాడే మాటను చేత్తో రాసి ఇచ్చారు.

ఆ చేతిరాత దిద్దుబాటు గురించి చదివినప్పుడు నాకు మన ఆఫీసులే గుర్తొచ్చాయి. ఆడవాళ్ళు వస్తారని ఊహించకుండా కట్టిన గదులు, గొళ్ళెం లేని బాత్రూములు, పసిబిడ్డ తల్లి పాలిచ్చుకోవడానికి ఓ మూల లేని భవనాలు ఇంకా ఎన్ని లేవు! అచ్చు మార్చడానికి సమయం పడితే పట్టనివ్వండి. ఈలోగా చేత్తో దిద్దడం మన చేతిలోనే ఉంది.

మన మార్కాపురానికి సంబంధించి మరో జ్ఞాపకం కూడా ఉంది. సంతోషంగా తలుచుకునేది కాదు. దేశంలో ఎన్నో ఊళ్ళ పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివి. పలకల ఫ్యాక్టరీలు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి గానీ, ఒకప్పుడు ఇక్కడ ఇంటికొకరు ఆ పనిలో ఉన్నారంటే అతిశయోక్తి కాదు. 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానం తెచ్చినప్పుడు, పిల్లల చేత పని చేయిస్తున్న పరిశ్రమల్లో ముందుగా దృష్టి పెట్టినవి కొన్నే. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పని, మొరాదాబాద్ ఇత్తడి సామాన్లు... ఆ వరసలో మార్కాపురం పలకలు కూడా ఉన్నాయి.

పలక మీద రాయాల్సిన వయసులో పలకలు చేసే పనికి వెళ్ళిన ఆ పిల్లకు తొలిరోజు ఎవరేం చెప్పి ఉంటారు? రాయి కోసేటప్పుడూ, నునుపు పట్టేటప్పుడూ లేచే ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదని, ముక్కుకి గుడ్డ కట్టుకోమని ఎవరైనా చెప్పారా? 'ఇది నీ చోటు కాదమ్మా, బడికి పో' అని ఒక్కరైనా అన్నారా? కొన్ని చోట్ల కొత్తగా వచ్చినవాళ్ళకి ఇవ్వాల్సిన నిజమైన స్వాగతం, వెనక్కి తిప్పి పంపడమే. ఆ మాట చెప్పాల్సిన రోజున చెప్పకపోతే జరిగే నష్టం ఆ ఒక్కరోజుతో పోదు.

ఇవన్నీ మంచితనానికి సంబంధించినవి, ఇష్టం ఉన్నవాళ్ళు చేస్తారు, లేనివాళ్ళు లేదు అనుకుంటే పొరపాటు. కొన్ని సంగతులు చెప్పి తీరాలని చట్టమే అంటోంది.

రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే పల్లెటూరి కార్యకర్త గురించి చాలామంది వినే ఉంటారు. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె చేసిన పని ప్రభుత్వం అప్పగించిన పని. మన పల్లెల్లో ఇవాళ మహిళా సంరక్షణ కార్యదర్శులూ, అంగన్‌వాడీ టీచర్లూ చేస్తున్నటువంటి పనే! ఆ ఘోరం తర్వాత మహిళా సంఘాలు కోర్టుకెళితే, 1997 ఆగస్టులో సుప్రీం కోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. దాని ఆధారంగా 2013లో పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఆ సంస్థలోని సీనియర్ ఉద్యోగినే అధ్యక్షురాలు. ఆ కమిటీ వివరాలు అందరికీ కనపడేలా గోడ మీద పెట్టాలి. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట పనిచేసేవాళ్ళకి, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి కూడా, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు మూడు నెలల లోపల ఇవ్వాలి.

మీ ఆఫీసు గోడ మీద ఆ కాగితం ఉందా? ఉంటే, క్యాలెండరు వెనక్కి పోలేదు కదా? కొత్తగా వచ్చిన అమ్మాయికి తొలిరోజే ఆ గోడ చూపించారా? అవసరం పడినప్పుడు చెబుదాంలే అనుకోకండి. అవసరం పడిననాడు ఆ పిల్ల మనల్ని అడిగే స్థితిలో ఉండదు.

ప్రసూతి సెలవు సంగతీ అంతే. మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 2017లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణలోనే మరో మంచి మాట ఉంది. ఈ ప్రయోజనాలన్నిటి గురించి ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి మహిళకూ రాతపూర్వకంగా తెలియజేయాలట! 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఆ నిబంధనను కొనసాగించారు. నియామక పత్రం అందరికీ ఇవ్వాలని కూడా వాటిలో ఉంది. గిద్దలూరు, కంభం, పొదిలి బజార్లలో బట్టల షాపుల్లో, మెడికల్ షాపుల్లో, చిన్న ఆసుపత్రుల్లో పొద్దున్నించి రాత్రిదాకా నిలబడి పనిచేసే అమ్మాయిల్ని ఎప్పుడైనా అడిగి చూడండి, 'చేరినప్పుడు మీకేమైనా కాగితం ఇచ్చారా?' అని. 'రేపట్నించి రమ్మన్నారక్కా' అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. నిలబడీ నిలబడీ కాళ్ళు వాచిపోయే ఆ పిల్లలకి కుర్చీ మాట కూడా పెద్ద మాటే!

'మేం ఉద్యోగాలు చేయడం లేదు కదా, మాకెందుకీ గొడవ?' అని ఇంట్లో ఉండే అక్కచెల్లెళ్ళు అనుకోవచ్చు. నేనూ ఇంట్లో ఉండేదాన్నే. అందుకే మనకే ఎక్కువ చెప్పాలనుకున్నాను.

టీచరుకి బడి ఒక్కటే పని ప్రదేశం కాదు, ఆ ఊరంతా పని ప్రదేశమే. సర్వే అంటూ ఫోను పట్టుకుని ఎండలో గడపగడపకీ తిరిగే పిల్లకి మన వాకిలే ఆఫీసు. తలుపు సగం తెరిచి 'ఇప్పుడు కాదు, రేపు రా' అన్నప్పుడు, మనం ఆఫీసులో కుర్చీ చూపించని పెద్ద మేడం పాత్రలోనే ఉన్నాం! ఏప్రిల్ ఎండలో ఈ నేల ఎలా కాలుతుందో మనకు తెలియదా? అరుగు మీద కూర్చోమని, చెంబుడు నీళ్ళో, గ్లాసుడు మజ్జిగో ఇస్తే మన సొమ్మేం పోయింది?

అద్దె ఇళ్ళ సంగతి మరీను. 'ఒంటరి ఆడపిల్లకి ఇవ్వం' అనే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని! ఇచ్చినా, 'ఏ కులం? ఎవరెవరు వస్తారు? రాత్రి ఎన్నింటికి తలుపు వేస్తావు?' అని వంద ప్రశ్నలు. మన పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళి ఇలాగే ఎవరింటి ముందో నిలబడి ఇవే ప్రశ్నలకి జవాబు చెబుతుంటారని ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు, గొంతు దానంతటదే తగ్గుతుంది.

2025 సెప్టెంబర్‌లో మెగా డీఎస్సీలో ఎంపికైన దాదాపు 16 వేల మంది కొత్త టీచర్లకి అమరావతిలో నియామక పత్రాలిచ్చారు. వాళ్ళలో సగానికి దగ్గరగా ఆడవాళ్ళే. ఆ అక్టోబర్‌లో వాళ్ళంతా బడుల్లో చేరారు. అంత పెద్ద సభ, అన్ని దీపాలు, అన్ని చప్పట్లు... బాగుంది. ఆ మర్యాద వాళ్ళకి దక్కాల్సిందే. కానీ సభ ముగిసి, బస్సెక్కి, ఏ దోర్నాల పక్కనో, ఏ అర్ధవీడు పక్కనో చిన్న బడి ముందు దిగాక ఆ టీచరమ్మకి కావలసింది చప్పట్లు కాదు. ఎక్కడ ఉండాలి, ఏ నీళ్ళు తాగాలి, ఏ బస్సు ఎక్కాలి, ఏ పిల్లాడికి అమ్మ లేదు... ఇవి చెప్పే ఒక మనిషి. అమరావతిలో సభ ప్రభుత్వం చేస్తుంది. ఈ రెండోది మనం తప్ప ఎవరూ చేయలేరు.

ఇందుకు పెద్ద ప్రణాళికలు అక్కర్లేదు. ఏ ఆఫీసులోనైనా, ఏ బడిలోనైనా కొత్త మనిషి వస్తున్నారని తెలియగానే పాతవాళ్ళలో ఒకరు 'ఈ నెలంతా ఈ అమ్మాయి బాధ్యత నాది' అనుకుంటే చాలు. ముందురోజే ఒక కుర్చీ, ఒక బల్ల తుడిచి ఉంచాలి. మొదటిరోజు మధ్యాహ్నం ఒంటరిగా అన్నం తిననివ్వకూడదు. బాత్రూం, మంచినీళ్ళు, బస్సు వేళలు, సెలవుల పద్ధతి, కమిటీ కాగితం, అవసరానికి పిలవాల్సిన రెండు ఫోను నంబర్లు అడక్కముందే చెప్పాలి. మొదటి నెలలో చేసిన తప్పుని నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి దిద్దాలి. ముప్ఫై రోజులయ్యాక ఒకసారి 'ఎలా ఉందమ్మా? నిజం చెప్పు' అని అడగాలి. ఇంతే! దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు.

మా మేడమీది అమ్మాయి ఇప్పుడు మా మేడమీద లేదు. పెళ్ళయింది, బదిలీ అయింది. ఆ మధ్య ఫోను చేసింది. 'ఆంటీ, ఇవాళ మా ఆఫీసులో కొత్తమ్మాయి చేరింది. భయపడుతూ గుమ్మంలోనే నిలబడింది. నేనేం చేశానో చెప్పుకోండి' అంది.

'బల్ల దులిపి కూర్చోబెట్టావు' అన్నాను.

అవతలినుంచి నవ్వు వినిపించింది. 'కుర్చీయే ఇచ్చానాంటీ! ఇప్పుడు మాకు కుర్చీలున్నాయి. కాకపోతే ముందు, ఏ నీళ్ళు తాగకూడదో చెప్పాను.'

అత్తగారి ఆరళ్ళే కాదు, ఊడ్చే ఆమె చూపిన ఆదరం కూడా తరం నుంచి తరానికి అందుతుందన్నమాట! ఏది అందించాలో మనమే తేల్చుకోవాలి.

రేపు పొద్దున ఆరున్నర బస్సుకి ఫైలు గుండెకు హత్తుకుని మరో అమ్మాయి బయల్దేరుతుంది. తువ్వాలు వేసి సీటు పట్టే నాన్న బస్సు దాకానే వస్తాడు. ఆ తర్వాత కుర్చీ చూపించాల్సింది మనమే.